తాళం కిరాయి

"దిగు."

"దిగను. నువ్వు రానేదు కదా వదినా."

"ఇప్పుడు వొచ్చాను కదే. దిగు."

"ఇప్పుడా వొచ్చేది? తొమ్మిదిన్నర అయిపోనాది. ఆరింటికి వొచ్చి రిలీవ్ చేస్తానన్నావు."

"ఇంటర్వ్యూ పదింటికే గుంటా. నీకు బుర్రుందా? ఇంతమంది ఆడోళ్లు ఎల్లమని సెప్తుంటే ఈ పెట్టెలో ఏల కూకున్నావు?"

"నువ్వే కదా సెప్పినావు, రిలీవర్ రాకుండా డ్యూటీ వొదలకూడదని. వొదిలీసి ఎల్లిపోయుంటే తిట్టేదానివి కాదేటి? సచ్ బతావో వదినా, తిట్టేదానివి కాదేటి?"

ఈ మాటలు జరిగింది బొంబాయిలో, స్టేషను వెనక సందులో, ఒక ఆడవాళ్ల లాడ్జిలో. నేను ఇస్త్రీ చేయించిన తెల్ల చీర రెండు చేతుల మీద పరుచుకుని కింద నిలబడి ఉన్నాను. మా ఆడపడుచు నా తలకి పైన, మూడో అంతస్తు చెక్క పెట్టెలో, తల దువ్వుకుని, జడ వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. (పేరు రాస్తే కోప్పడుతుంది. మా వైపు ఆడపిల్లని పిలిచినట్టు గుంట అనే రాస్తాను.) చుట్టూ పెట్టెల్లోంచి తలలు బయటికి పెట్టి ఓ ఇరవైమంది ఆడవాళ్లు మా ఇద్దరినీ చూస్తున్నారు. తెలుగు ఒక్కరికీ రాదు, కానీ ఎవరిది తప్పో అందరికీ అర్థమైనట్టే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

ఆ రోజుల్లో నాకు ఖర్చు లేకుండా దొరికేది కోపం ఒక్కటే. అందుకని దాన్ని మాత్రం ధారాళంగా వాడేదాన్ని. నూనెలో, సబ్బులో, అగ్గిపుల్లలో దాచిందంతా కోపంలో ఖర్చుపెట్టేస్తుందని మా ఆయన అనేవారట. (నా ఎదురుగా ఎప్పుడూ అనలేదు. పక్క క్వార్టరువాళ్ల వల్ల తెలిసింది.) మొన్న మా మనవరాలు బెంగళూరు వెళ్తూ ఫోనులో ఒక బొమ్మ చూపించింది. గోడ నిండా గూళ్లు, గూటికో పరుపు, పరుపుకో లైటు. "అమ్మమ్మా, గది కాదు, గూడు తీసుకుంటున్నాను. చవగ్గా వస్తుంది. ఇది కొత్త పద్ధతి" అంది. కొత్త పద్ధతట. దాని తల్లి లంగా జాకెట్టు వేసుకునే రోజుల్లోనే నేను బొంబాయి వెళ్లి అలాంటి గూటిలో రెండు రోజులు కాపురం చేసి వచ్చాను. ఆ బొమ్మ చూసేసరికి నలభై ఏళ్ల కిందటి కోపం ఎక్కడా తగ్గకుండా మళ్లీ లేచింది. ఎవరి మీద కోపమో రాస్తూ పోతే తేలుతుందేమోనని కూర్చున్నాను.

మేము భిలాయిలో సెక్టర్ ఆరులో ఉండేవాళ్లం. మా ఆయనకి ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పని. పెళ్లిళ్లు కాకముందు మా ఆయనా, మా బావగారూ రెండు గదుల క్వార్టర్లో ఆరేళ్లు ఒకే మంచం వాడుకున్నారట. ఒకరు పగలు డ్యూటీ, ఒకరు రాత్రి డ్యూటీ. ఒకరు లేచేసరికి ఒకరు వచ్చి పడుకునేవారు. ఆ మంచం ఆరేళ్లలో ఒక్కసారీ చల్లారలేదని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. ఒక వస్తువుని అంతకంటే బాగా వాడుకోవడం ఎక్కడైనా ఉంటుందా?

ప్లాంటులో ఇంకో రూలు ఉండేది. తన చోటుకి వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. ఆ రిలీవర్ వచ్చి నిలబడేదాకా ఈ మనిషి మెషిన్ దగ్గర నుంచి కదలకూడదు. టైము అయిపోయినా సరే, ఇంట్లో చుట్టాలున్నా సరే. పెళ్లయిన కొత్తలో మా ఆయన పుట్టినరోజని పాయసం చేసి కూర్చుంటే, రిలీవర్ రాక పదహారు గంటలు అక్కడే ఉండిపోయి, పాయసం గడ్డకట్టాక వచ్చారు. అప్పుడు ఆ రూలు మీద ఒళ్లు మండింది. తరువాత ఆలోచిస్తే ఇంటికి కూడా అలాంటి రూలే కావాలనిపించింది. కుళాయి కింద బిందెకి, పొయ్యి మీద పాలకి, దుకాణం క్యూకి, అన్నింటికీ పెట్టాను. ఎవరినైనా ఒక చోట నిలబెడితే, మరొకరు వచ్చి "రిలీవ్" అనేదాకా కదలకూడదు.

ఈ రూలు ఇంట్లో అందరూ ఏదో ఒక రోజు తప్పారు, గుంట తప్ప. నేను కాపురానికి వచ్చేసరికి దానికి ఏడేళ్లు. ఏడాదికే మా అత్తగారు పోతే నా చేతుల్లోనే పెరిగింది. తొమ్మిదేళ్లప్పుడు దాన్ని కిరసనాయిలు క్యూలో నిలబెట్టి, పావుగంటలో వస్తానని ఇంటికి వెళ్లి, మినుములు బాగుచేస్తూ మరిచిపోయాను. మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చి పరిగెత్తాను. క్యూ లేదు, దుకాణం మూసేశారు. మూసిన షట్టరు ముందు ఖాళీ డబ్బా పట్టుకుని అదొక్కతే ఎండలో నిలబడి ఉంది. "ఒచ్చావా" అని డబ్బా నా చేతికిచ్చి అప్పుడు కూర్చుంది. నేను జాలిపడలేదు. వీధంతా తిరిగి మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో చెప్పుకున్నాను.

అలాంటి పిల్ల పన్నెండో క్లాసు పాసయ్యాక బొంబాయిలో ఒక పెద్దాసుపత్రికి రాసుకుంది. నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ ఉంది రమ్మని ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో ఒక ఆడపిల్లకి తన పేరు మీద ఉత్తరం రావడం అదే మొదలు. సీటు రాకపోతే జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ అబ్బాయితో సంబంధం ఖాయం చేసేద్దామని బావగారు తొందరపడుతున్నారు. ఆ అబ్బాయి మంచివాడే. గుంట కూడా కాదనలేదు. కానీ ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది. నేను పక్కలు దులిపేటప్పుడు చూసి మళ్లీ అక్కడే పెట్టేదాన్ని.

మా ఆయనకి సెలవు దొరకలేదు, రిలీవర్ లేడు. నేనే తోడు వెళ్లాలి. ఎక్కడ దిగాలన్న దాని మీద మా ఇంట్లో నాలుగు రోజులు యుద్ధం నడిచింది.

"స్టేషను దగ్గర మంచి లాడ్జి ఉందట. గదిలోనే బాత్రూము. రెండు రోజులే కదా" అన్నారు మా ఆయన.

"పడుకుంటే కళ్లు మూసుకునే కదా ఉంటాం. గది ఎంతుంటే ఏటి, కనబడేది ఏటి?"

"పోనీ చెంబూరులో మా పిన్ని కొడుకున్నాడు. ఊరికే ఉండొచ్చు."

"ఊరికేనా? ఆళ్లకి మిఠాయి, పిల్లలకి బట్టలు, ఆవిడకి జాకెట్టు గుడ్డ. మళ్లీ ఎండాకాలం సెలవులకి ఆళ్లు ఐదుగురూ మనింటికొచ్చి పదిహేను రోజులు. మీ ఊరికే మనకొద్దు."

ఎదురింటి దీదీ ఆ ముందు ఏడాది వైద్యానికి బొంబాయి వెళ్లి ఒక ఆడవాళ్ల లాడ్జిలో దిగింది. రైలు బెర్తుల్లాగే ఒకదాని మీద ఒకటి చెక్క పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో మనిషి, అద్దె మామూలు గదిలో ఐదో వంతు. "సాఫ్ సుథరా హై బహన్, ఆరామ్ సే సోవో" అని, శుభ్రంగా ఉంటుందని చెప్పి అడ్రసు కాగితం రాసిచ్చింది. మా ఆయనకి చెబితే తల పట్టుకున్నారు.

"ఇంటర్వ్యూకి ఎల్లే పిల్లని బీరువాలో పడుకోబెడతావా?"

"బీరువాలో పెట్టిన చీర నలగదు. పిల్లా నలగదు."

ఆ మాటతో ఆయన టిక్కెట్లు కొనడానికి వెళ్లారు. ఆ రోజుల్లో నా మాటల్లో చాలావాటికి జవాబు ఉండేది కాదు. అవి సరైనవి కాబట్టి అనుకునేదాన్ని.

దుర్గ్‌లో రైలెక్కి, మర్నాడు మధ్యాహ్నానికి ఆ లాడ్జికి చేరాం. దీదీ అబద్ధం చెప్పలేదు. పొడుగాటి హాలు, రెండు వైపులా మూడేసి అంతస్తుల పెట్టెలు, పెట్టెకో పరుపు, చిన్న బల్బు, అరచెయ్యంత ఫ్యాను, పక్కకి జరిపే చెక్క తలుపు. లోపల కూర్చోవచ్చు కానీ కోపంగా కూర్చోకూడదు, తల పైచెక్కకి కొట్టుకుంటుంది. అక్కడి పెద్దావిడ నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉండేది. ఆవిడని నేను తాళాలావిడ అనుకునేదాన్ని. ఒక పెట్టెకి ఒక్క మనిషే అంది. నేను ఒక్క పెట్టే అడిగాను. ఇద్దరికీ ఒకటేనా అని చూసింది. "షిఫ్ట్ మే సోయేగా" అన్నాను. ఆవిడ నా మొహం, గుంట మొహం మార్చి మార్చి చూసి, హాల్లో బెంచీకి అద్దె లేదు, నీ ఇష్టం అంది.

అంతవరకూ బాగానే ఉంది. తరువాత తాళం సంగతి వచ్చింది. పెట్టె తలుపుకి గొళ్లెం ఉంది, తాళం లేదు. తాళం కావాలంటే వేరే కిరాయి. మన తాళం వేస్తే ఒప్పుకోరు. పెట్టె ఖాళీగా కనబడితే సామాను తీసి బయటపెట్టి వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. నాకు ఎక్కడ లేని మంట వచ్చింది. అన్నం అమ్మి విస్తరికి వేరే డబ్బులడిగే హోటలు ఎక్కడైనా ఉందా? తలుపు అద్దెకిచ్చిన మనిషి తాళం ఇవ్వకపోతే ఆ తలుపెందుకు? ఇదంతా నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆవిడ విని, "తో తాలా నహీ చాహియే?" అంది.

"నహీ చాహియే" అన్నాను. "హమారా ఆద్మీ రహేగా."

మనిషి ఉండగా తాళమెందుకు? సాయంత్రం ఆరు నుంచి పదిదాకా నేను, పది నుంచి పొద్దున్న ఆరుదాకా గుంట, ఆరు నుంచి మళ్లీ నేను. పెట్టె ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు, తాళం కిరాయి మిగులుతుంది, ఇంటర్వ్యూ పిల్లకి ఎనిమిది గంటల నిద్ర. ప్లాంటు నడిపేవాళ్లు కూడా ఇంతకంటే బాగా వెయ్యలేరని గర్వపడ్డాను. రాత్రి పదింటికి దిగి గుంటని ఎక్కించి గట్టిగా చెప్పాను. "నేనొచ్చి రిలీవ్ అనేదాకా దిగకు. ఎవరు పిలిచినా దిగకు. మన సంచీలు, సర్టిఫికెట్లు, రైలు టిక్కెట్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి." అది "జీ వదినా" అంది. ఆ రాత్రి బెంచీ మీద నేను కూర్చుని తూగాను.

తెల్లవారగానే చీర పట్టుకుని ఇస్త్రీకి బయల్దేరాను. లాడ్జిలోనే ఇస్త్రీ చేస్తారు, కానీ దానికీ వేరే లెక్క. సందు చివర బండివాడు చెప్పిన ధర నచ్చలేదు. తరువాతి సందులోవాడిది ఇంకా నచ్చలేదు. అలా నచ్చని ధరల వెంట ఎంత దూరం పోయానో చూసుకోలేదు. చివరికి ఒకడు నేనన్న ధరకి ఒప్పుకున్నాడు, బొగ్గులు ఇంకా అంటుకోలేదని గంటసేపు కూర్చోబెట్టాడు. చీర మాత్రం కాగితంలా చేసిచ్చాడు. వెనక్కి తిరిగితే దారి లేదు.

భిలాయిలో మనిషి తప్పిపోవాలన్నా తప్పిపోలేడు. సెక్టరుకో నంబరు, వీధికో నంబరు, క్వార్టరుకో నంబరు. పన్నెండేళ్లు ఆ అంకెల మధ్య బతికినదాన్ని, బొంబాయిలో కూడా మూడు సందులు దాటి ఎడమకి తిరిగితే చాలనుకున్నాను. అక్కడ సందులో సందు ఉంది, ఆ సందులో మెట్లున్నాయి. మెట్లెక్కితే ఎవరి ఇంట్లోకో వెళ్తున్నాం. బోర్డులు చదువుదామంటే నాకొచ్చింది తెలుగు అక్షరాలు, అవీ నాలుగో క్లాసుదాకా. అడ్రసు కాగితం పెట్టెలో ఉంది. ఆడవాళ్ల లాడ్జి ఎక్కడ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లాడ్జికి పంపారు. ఒకచోట మగవాళ్లు పళ్లు తోముకుంటూ నన్ను చూసి లోపలికి పారిపోయారు. ఎండెక్కుతోంది. చీర నలగకుండా రెండు చేతుల మీద దేవుడి బట్టల్లా మోసుకుంటూ, బొంబాయి మొత్తాన్ని తిట్టుకుంటూ తిరిగాను. తొమ్మిదిన్నరకి మా లాడ్జి పచ్చ గేటు కనబడింది.

మొదట్లో రాసిన మాటలు అప్పుడు జరిగినవి.

ఆ పెట్టెల్లో ఆడవాళ్లు చెప్పింది కూడా రాస్తాను, దాచను. నేను రాకపోయేసరికి ఎనిమిదింటి నుంచే అందరూ గుంటకి వెళ్లమని చెబుతున్నారట. కింద పెట్టె ఆవిడ తన చీర కట్టుకోమని ఇచ్చింది, వద్దంది. ఇంకొకావిడ నీ సామాను నేను చూస్తాను, వెళ్లమంది. వద్దంది. ఆఖరికి తాళాలావిడే గుత్తిలోంచి ఒక తాళం తీసి, "పైసా నహీ చాహియే బేటీ, తాలా లగా, జా" అందట. గుంట అదీ వద్దంది.

"ఊరికే ఇస్తే కూడా ఏల తీసుకోనేదు?" అన్నాను.

అది ఫైలు వైపు చూస్తూ, "నువ్వు కోప్పడతావు కదా" అంది.

సీటు పోతుందన్న భయం కంటే నా కోపం పెద్దదైపోయింది ఆ పిల్లకి. అది అర్థమై నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది. అలా ఏమీ జరగలేదు. నాకు ఇంకా కోపం వచ్చింది. తాళాలావిడ తాళం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, ఇప్పుడైనా తీసుకుంటావా అన్నట్టు. "నహీ చాహియే" అని, నిచ్చెనెక్కి పెట్టెలోకి దూరి, "రిలీవ్. ఎల్లు" అన్నాను.

"ఒక్కదాన్నేనా?"

"నీకు నోరు నేదా? హిందీ నా కంటే నీకే బాగొచ్చు. టాక్సీ ఎక్కు."

టాక్సీ అన్న మాట నా నోటి నుంచి రావడం అది నమ్మలేదు. జాకెట్టులోంచి నోటు తీసిచ్చి, చిల్లర జాగ్రత్తగా తెమ్మన్నాను. నిమిషంలో చీర కట్టుకుని పోయింది. పది కావడానికి పావుగంట ఉంది.

ఆ పెట్టెలో నేను ఎంతసేపు ఉన్నానంటే, పైచెక్క మీద మేకులెన్నో ఇప్పటికీ చెప్పగలను. ముందు గుంట మీద కోపం వచ్చింది, రూలుకి అర్థం తెలుసుకోకుండా మాట మాత్రం పట్టుకున్నందుకు. తరువాత ఇస్త్రీవాడి బొగ్గుల మీద. తరువాత మా ఆయన మీద, ఆయన ప్లాంటు మీద, ఆ రూలు పెట్టినవాడి మీద. కోపం వచ్చినప్పుడల్లా లేచి కూర్చోబోయేదాన్ని, తల ఠంగుమని తగిలేది. మధ్యాహ్నం దాటింది. గుంట రాలేదు. ఆసుపత్రివాళ్లు గేటులోంచే పంపేసి ఉంటారు, దారి తెలియక ఎక్కడ తిరుగుతోందో. దిగి వెతుకుదామంటే సామాను. తాళం అడుగుదామంటే ఏ మొహం పెట్టుకుని? రెండింటికి తాళాలావిడ నిచ్చెన మీద నుంచి టీ గ్లాసు అందించింది. వద్దన్నాను. "ఇస్కా కిరాయా నహీ హై" అంది. తాగాను. మూడయింది. మూసిన షట్టరు, ఖాళీ డబ్బా, ఎండలో నిలబడ్డ తొమ్మిదేళ్ల పిల్ల నా కళ్ల ముందుకొచ్చాయి. ఇన్నేళ్లూ గొప్పగా చెప్పుకున్న కథ ఆ పెట్టెలో పడుకుని తలుచుకుంటే అస్సలు బాగోలేదు. ఆ రోజు ఆ పిల్ల నీళ్లు తాగిందో లేదో కూడా నేను అడగలేదు.

ఐదున్నరకి నిచ్చెన కదిలింది. గుంట తల కనబడింది. కట్టిన చీర అప్పటికి పూర్తిగా నలిగిపోయింది.

"పదిన్నరకి చేరాను వదినా. ఆఖర్న కూకోమన్నారు. మూడింటికి పిలిచినారు. కళ్లద్దాల పెద్ద సిస్టరు దేర్ క్యోం హుయీ, ఏల లేటయినాది అనడిగింది. ఉన్నది సెప్పినాను. మా వదిన ఇస్త్రీకి ఎల్లి రానేదు, సామాను నాకు అప్పజెప్పింది, రిలీవర్ రాకుండా రాకూడదు అని. అందరూ నవ్వినారు. ఆవిడ నవ్వనేదు. వార్డులో నీ డ్యూటీ అయిపోయాక నీ చోటుకి వొచ్చే సిస్టరు రాకపోతే ఏం చేస్తావు అంది. ఉంటానన్నాను. ఎంతసేపు అంది. వొచ్చీదాకా అన్నాను. కిరసనాయిలు సంగతి కూడా సెప్పినాను."

"అదెందుకు సెప్పినావే ఆళ్లకి?"

"అడిగినారు మరి. నాలుగున్నరకి బోర్డు మీద పేర్లు పెట్టినారు. నా పేరుంది."

నేను ఆ పిల్లని దగ్గరికి తీసుకోలేదు. "చిల్లరేది?" అన్నాను.

"చిల్లర తో బచా హీ నహీ, ఏటీ మిగల్నేదు" అని నవ్వింది. ఆ తరువాత ఏడ్చింది. నేను అటు తిరిగి సంచీ సర్దుకున్నాను.

రాత్రి భోజనం దగ్గర మళ్లీ దెబ్బలాట. నేను పెట్టిన రూలు వల్ల సీటొచ్చిందని నేను, నువ్వు లేటు చేయడం వల్ల వచ్చిందని అది. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. అది ఈ మధ్యనే పెద్ద సిస్టరుగా రిటైరైంది. వార్డులో కొత్త పిల్లలకి వదిన కథ చెప్పేదట, నా గొంతు అనుకరించి మరీ. చెప్పుకోనీ. ఇస్త్రీ చీర మోసుకుంటూ ఒక ఊరు మొత్తాన్ని తిట్టుకుంటూ తిరిగిన ఆ మనిషిని తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. ఆవిడ ఎదురుపడితే మాత్రం నేను కూడా పక్కకి తప్పుకుంటాను. కోపం ఎవరి మీదో తేలుతుందేమో అన్నాను కదా. తేలింది. పేరు రాయను.

ఆ రాత్రి గుంట నన్ను పెట్టెలోకి ఎక్కించి తను బెంచీ మీద కూర్చుంది. "ఈ రోజు నైట్ షిఫ్ట్ నాది" అంది. పొద్దున్న ఆరింటికి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, చెక్క తలుపు తట్టి "రిలీవ్" అంది.

నేను దిగి, తాళాలావిడ దగ్గరికి వెళ్లి తాళం అడిగాను. ఆవిడ ఊరికే ఇవ్వబోయింది. వద్దని, పూర్తి కిరాయి ఇచ్చాను. తాళం వేసి, తాళంచెవి గుంట చేతిలో పెట్టాను. రైలు సాయంత్రానికి. నేను సముద్రం చూసి పన్నెండేళ్లయింది. గుంట అసలు ఎప్పుడూ చూడలేదు. ఇద్దరం కలిసి చూడటానికి వెళ్లాం. పెట్టె దగ్గర ఎవరినీ ఉంచలేదు.